తెర మీది ఆ 93 ఎవరు చెప్పిన అంకె? పసికందుల వైద్యం, డాక్టర్ల సంఘాలు, పరిశోధన

నెలలు నిండకుండా బిడ్డ పుడితే మన ఇళ్లలో "బాక్సులో పెట్టారు" అంటాం. ఆ బాక్సు పైనుంచి వెచ్చదనమిచ్చే వార్మర్ కావచ్చు, నాలుగు వైపులా మూసి ఉండే ఇంక్యుబేటర్ కావచ్చు. అద్దానికి ఇవతల నిలబడ్డ అమ్మమ్మకు కనిపించేవి మూడే. బిడ్డ ముక్కు దగ్గర సన్నటి గొట్టం, పాదానికి చుట్టిన పట్టీలో ఎర్రగా వెలిగే లైటు, పక్కనున్న తెర మీద బిడ్డ రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూపిస్తూ క్షణక్షణం మారే అంకె. 93. 91. 94. కాసేపటికి 98. వెంటనే నర్సు వచ్చి ఆక్సిజన్ తగ్గిస్తుంది. అమ్మమ్మ గుండె గుభేలుమంటుంది. అంకె పెరిగితే మంచిదే కదా, ఈ పిల్ల ఎందుకు తగ్గిస్తోంది?

అది నర్సు సొంతంగా తీసుకున్న నిర్ణయం కాదు, ఆ పూట డ్యూటీ డాక్టరు చెప్పిందీ కాదు. ఆ అంకె వెనక డెబ్బై ఏళ్ల పైచిలుకు చరిత్ర, వేల మంది పసిపిల్లల లెక్కలు, రెండు పెద్ద పొరపాట్లు ఉన్నాయి. ఆ లెక్కల్ని ఒకచోటికి చేర్చి "ఇంత దాటనివ్వకండి, ఇంతకు తగ్గనివ్వకండి" అని వార్డు దాకా తెచ్చే పనిలో పెద్ద వాటా డాక్టర్ల వృత్తి సంఘాలదే.

ఈ సంఘాల గురించి మామూలు జనం ఆలోచించే సందర్భాలు తక్కువ. 2025 అక్టోబరులో ఒకటి వచ్చింది. పంచదార పానీయాల పేర్లలో "ఓఆర్‌ఎస్" అనే మాట వాడకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. ఆ ఆదేశం వెనక హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ల పోరాటం ఉంది. ఒక్క డాక్టరమ్మ ఇంత దూరం లాక్కొస్తే, వేల మంది సభ్యులున్న సంఘాలు ఏం చేస్తున్నట్టు అనే అనుమానం రావడం సహజం. దానికి జవాబు చెప్పాలంటే అసలు సంఘం చేతిలో ఏముందో, ఏది లేదో ముందు తేల్చుకోవాలి.

సంఘం వేరు, కౌన్సిల్ వేరు, సర్కారు వేరు

డాక్టరుకు లైసెన్సు ఇచ్చేది, తప్పు చేస్తే తీసేసేది వైద్య మండలి. దేశం మొత్తానికి ఆ వ్యవస్థ పైన జాతీయ వైద్య కమిషన్ ఉంటుంది. పరిశోధనకు ప్రభుత్వ నిధులిచ్చి, నైతిక నియమాలు రాసేది భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్. కొత్త మందుల్ని మనుషుల మీద పరీక్షించి చూసే ట్రయల్స్‌కు అనుమతులిచ్చేది డ్రగ్స్ కంట్రోలర్. వృత్తి సంఘానికి ఈ అధికారాల్లో ఒక్కటీ లేదు. అది డాక్టర్లు చందా కట్టి, ఎన్నికలు పెట్టుకుని, తమంత తాము నడుపుకునే సంస్థ. అది రాసిన మార్గదర్శకం పాటించకపోతే ఎవరూ జైల్లో పెట్టరు. అయినా రేపు కోర్టులోనో ఆడిట్‌లోనో "ఈ రోగానికి ఒప్పుకున్న పద్ధతి ఏది?" అని అడిగితే ముందు తీసేది ఆ కాగితమే. ఆదేశించే అధికారం లేకపోయినా సంఘం మాట చెల్లుబాటవుతుంది. గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది.

మన దేశంలో పిల్లల డాక్టర్ల పెద్ద సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 1963లో ఏర్పడింది. "ఇండియన్ పీడియాట్రిక్స్" పత్రిక దీనిదే. పురిటి బిడ్డల కోసమే ప్రత్యేకంగా 1980లో నేషనల్ నియోనటాలజీ ఫోరమ్ వచ్చింది. డాక్టర్లు ఎన్‌ఎన్‌ఎఫ్ అంటారు, ఇక్కడా అలాగే అందాం.

పిల్లల సంఘం ఒకటి ఉండగా పురిటి బిడ్డలకు మరొకటి దేనికి? నవజాత శిశువు అంటే పుట్టిన రోజు నుంచి 28 రోజుల లోపు బిడ్డ. 2021 నాటి నమూనా రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం మన దేశంలో ప్రాణంతో పుట్టిన ప్రతి 1000 మందిలో 31 మంది ఐదేళ్లు నిండకుండా చనిపోయారు. ఆ 31లో 27 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు. ఆ 27లో 19 మంది మొదటి 28 రోజులు కూడా దాటలేదు. ఐదేళ్ల కాలంలో జరిగే చావుల్లో అరవై శాతం పైగా ఒక్క నెలలోనే. టీకాలు, ఓఆర్‌ఎస్, పౌష్టికాహారం వచ్చాక పెద్ద పిల్లల చావులు తగ్గాయి కానీ ఈ మొదటి నెల అంత తేలిగ్గా లొంగలేదు. ఇక్కడ చంపేవి వేరు: నెలలు నిండకపోవడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, నెత్తురుకు పాకే ఇన్ఫెక్షన్.

ఆక్సిజన్ చేసిన మేలు, తీసిన కళ్లు

ఇప్పుడు ఆ అంకె దగ్గరికి వద్దాం. 1942లో బోస్టన్ కంటి డాక్టరు థియోడర్ టెర్రీ, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఒక వింత అంధత్వాన్ని గుర్తించాడు. దశాబ్దం తిరిగేసరికి ప్రపంచంలో సుమారు పది వేల మంది పసిపిల్లలకు చూపు పోయింది. ఎక్కువ మంది అమెరికాలో, అదీ మంచి ఆసుపత్రుల్లోనే. పేద ఆసుపత్రుల్లో ఈ జబ్బు తక్కువగా కనిపించడం డాక్టర్లకు అంతుపట్టలేదు. 1951లో మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ అనే పిల్లల డాక్టరు, ధారాళంగా ఇస్తున్న ఆక్సిజన్ మీద వేలు పెట్టి చూపించింది. డబ్బున్న ఆసుపత్రిలో గాలి చొరబడని కొత్త ఇంక్యుబేటర్లు ఉండేవి, వాటి నిండా ఆక్సిజన్ ఉండేది.

అనుమానం ఒకటి, రుజువు ఒకటి. వాషింగ్టన్‌లో ఆర్నల్ పాట్జ్ బృందం సగం మంది పిల్లలకు ఎక్కువ ఆక్సిజన్, సగం మందికి తక్కువ ఇచ్చి చూసింది. తక్కువ ఇస్తే పిల్లలు చచ్చిపోతారని భయపడి, కొందరు నర్సులు రాత్రిపూట ఎవరూ చూడకుండా ఆక్సిజన్ మీట తిప్పేవారట! ప్రయోగం పాడవుతుందని తెలియక కాదు, కళ్ల ముందు బిడ్డ నీలంగా మారితే చూస్తూ ఊరుకోలేక. నవజాత శిశువుల పరిశోధనలో ఉన్న మొత్తం చిక్కు ఆ రాత్రి డ్యూటీలోనే ఉందనిపిస్తుంది నాకు.

తర్వాత 1953–54లో 18 అమెరికన్ ఆసుపత్రులు కలిసి ట్రయల్ చేశాయి. ఆక్సిజన్ దోషం తేలింది. ఆసుపత్రులన్నీ ఆక్సిజన్‌ను బిగపట్టాయి, అంధత్వం తగ్గింది. అక్కడితో కథ సుఖాంతమని అందరూ అనుకున్నారు. 1973లో బ్రిటన్‌లో కెన్నెత్ క్రాస్ వేరే లెక్క తీశాడు. ఆక్సిజన్ బిగించడం వల్ల ఒక్క బిడ్డ చూపు దక్కిన చోట సుమారు 16 మంది ప్రాణాలు పోయి ఉంటాయని ఆయన అంచనా. ఎక్కువిస్తే కళ్లు, తక్కువిస్తే ప్రాణం. మధ్యలో గీత ఎక్కడ?

సరైన జవాబు 2010లో గానీ మొదలవలేదు. సపోర్ట్ అనే అమెరికన్ ట్రయల్‌లో 24 నుంచి 27 వారాలకే పుట్టిన 1316 మంది పిల్లల్ని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు రక్తంలో ఆక్సిజన్ శాతం 85–89 మధ్య, రెండో గుంపుకు 91–95 మధ్య. ఎవరు ఏ గుంపో డ్యూటీలో ఉన్నవాళ్లకు తెలియకూడదు కాబట్టి పరికరాలనే సవరించారు. తెర మీద అందరికీ 88–92 మధ్య ఉంచమన్నారు, లోపలి అసలు విలువ మాత్రం వేరు. పాట్జ్ దగ్గరి రాత్రి నర్సుకు దొరికిన మీట ఈసారి దొరకలేదు.

ఫలితాన్ని శాతాల్లో చెబితే బుర్రకు ఎక్కదు, వెయ్యి మంది పిల్లల్లో చూద్దాం. తక్కువ ఆక్సిజన్ గుంపులో 1000 మందిలో 199 మంది ఇంటికి వెళ్లకుండానే చనిపోయారు. మిగిలిన 801లో 8.6 శాతానికి, అంటే 69 మందికి, టెర్రీ గుర్తించిన ఆ చూపు పోగొట్టే జబ్బు, కంటి వెనక పొరకు వచ్చే రెటీనా జబ్బు, తీవ్రంగా వచ్చింది. ఎక్కువ ఆక్సిజన్ గుంపులో 162 మంది చనిపోయారు. మిగిలిన 838లో 17.9 శాతం, అంటే 150 మందికి రెటీనా జబ్బు. ఒక పక్క 37 ప్రాణాలు, ఇంకో పక్క 81 మంది కళ్లు. వేళకు పట్టుకుంటే ఈ జబ్బును లేజర్‌తో చాలామందిలో ఆపొచ్చు, పోయిన ప్రాణాన్ని తేలేం. ఇలాంటివే మరో నాలుగు ట్రయల్స్‌ను దీనితో కలిపి 4965 మంది పిల్లల లెక్క చూసినప్పుడు కూడా తక్కువ ఆక్సిజన్ వైపే చావులు ఎక్కువని తేలింది. అందుకే చాలా మార్గదర్శకాలు ఇప్పుడు 90–95 దగ్గర స్థిరపడ్డాయి. మన అమ్మమ్మ చూసిన 93 అక్కడి నుంచి వచ్చింది.

ఒక్క ఆసుపత్రికి ఎందుకు చేతకాదు

"మా ఆసుపత్రిలో ముప్పై ఏళ్లుగా చూస్తున్నాం, మాకు తెలియదా?" అనే డాక్టర్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అనుభవం గొప్పదే. కానీ చిన్న తేడాల్ని అది పట్టలేదు. ఎందుకో ఒక లెక్క చేసి చూద్దాం.

ఏడాదికి 3000 కాన్పులు జరిగే ఆసుపత్రి ఉందనుకుందాం. అక్కడ 1000కి 20 మంది పసికందులు చనిపోతున్నారు. ఒక కొత్త పద్ధతి నిజంగానే ఆ చావుల్ని నాలుగో వంతు తగ్గిస్తుంది, అంటే 20ని 15కి తెస్తుంది. ఏడాది పొడవునా సగం మందికి పాత పద్ధతి, సగం మందికి కొత్తది వాడారు. చెరో 1500. పాత గుంపులో 30 చావులు, కొత్త గుంపులో 22 లేక 23 రావాలి. రావాలి అంతే. నిజానికి సగటున 30 రావాల్సిన చోట కేవలం అదృష్టం కొద్దీ 20 రావచ్చు, 40 రావచ్చు. పది రూపాయల బిళ్లను పదిసార్లు ఎగరేస్తే ప్రతిసారీ ఐదు బొమ్మలే పడవు కదా. ఏడాది చివర కొత్త పద్ధతిలోనే ఎక్కువ మంది పోయినట్టు కనిపించినా ఆశ్చర్యం లేదు, మంచి పద్ధతిని అక్కడే పాతిపెట్టేస్తారు.

ఇంత తేడాను నమ్మకంగా పట్టాలంటే గుంపుకు సుమారు 10,800 మంది, మొత్తం 21,600 మంది కావాలి. మన ఆసుపత్రికి ఏడేళ్లు పడుతుంది. ఈలోగా మందులు మారతాయి, నర్సులు మారతారు, ట్రయల్ మొదలెట్టిన ప్రొఫెసర్ రిటైర్ అవుతారు. అలాంటివే ఇరవై ఆసుపత్రులు చేతులు కలిపితే నాలుగు నెలల పైచిలుకులో అయిపోతుంది.

ఇంకో దారి ఉంది. ముప్పు బాగా ఎక్కువున్న పిల్లల్నే తీసుకోవడం. 1000కి 200 మంది పోతున్న చోట అదే నాలుగో వంతు తగ్గుదల చూపించడానికి రెండు గుంపులకూ కలిపి 1800 మంది చాలు. కంగారూ పద్ధతిపై 2021లో వచ్చిన ట్రయల్ ఈ దారినే నడిచింది. తల్లి రొమ్ముల మధ్య బిడ్డను ఒంటికి ఒళ్లు ఆనించి ఉంచే ఈ పద్ధతి 1978 ప్రాంతంలో కొలంబియాలోని బొగోటాలో పుట్టింది. బిడ్డ కుదుటపడ్డాకే అలా ఉంచాలని చాలాకాలం నమ్మారు. కుదుటపడే దాకా ఆగకుండా పుట్టగానే మొదలెడితే? ఢిల్లీతో పాటు ఘనా, మలావి, నైజీరియా, టాంజానియాల్లోని ఐదు ఆసుపత్రుల్లో ఒక కిలో నుంచి 1.799 కిలోల బరువున్న 3211 మందిని చేర్చుకున్నారు. 28 రోజుల్లో చావులు మామూలు పద్ధతిలో 15.7 శాతం, వెంటనే తల్లి గుండెకు హత్తుకున్న గుంపులో 12 శాతం. పత్రికలు "25 శాతం తగ్గుదల" అని రాశాయి. నిజమే. "27 మంది పిల్లల్ని అలా ఉంచితే ఒక ప్రాణం అదనంగా దక్కుతుంది" అన్నా అదే నిజం. రెండూ ఒకటే లెక్క, చెవికి మాత్రం వేర్వేరుగా వినిపిస్తాయి. ఎవరైనా శాతం ఒక్కటే చెబితే "ఎంతలో?" అని అడగడం మంచి అలవాటు.

ఒకే ఫారం, ఒకే అర్థం

ఆసుపత్రులు చేతులు కలపడం అన్నంత తేలిక కాదు. నెత్తురుకు పాకే ఇన్ఫెక్షన్‌నే డాక్టర్లు "సెప్సిస్" అంటారు. ఒకచోట ఆ మాట అనాలంటే రక్తం కల్చర్ పరీక్షలో క్రిమి పెరగాలి. ఇంకోచోట బిడ్డ పాలు తాగక మందకొడిగా ఉండి, కొన్ని పరీక్షలు తేడాగా వస్తే చాలు. ఇద్దరి లెక్కలూ కూడితే వచ్చేది కిచిడీ. సంఘం చేసే పనుల్లో అన్నిటికన్నా బోరు కొట్టేదీ అన్నిటికన్నా విలువైనదీ ఇదే: అందరూ నింపడానికి ఒకే ఫారం తయారు చేయడం, ప్రతి మాటకూ ఒకే అర్థం రాయడం.

ఎన్‌ఎన్‌ఎఫ్ 1995లో ఇలాంటి జాతీయ డేటాబేస్ మొదలుపెట్టింది. 2002–03 దఫాలో 18 పెద్దాసుపత్రులు ఒకే ఫారం నింపాయి. ప్రాణంతో పుట్టిన ప్రతి 1000 మందిలో 30 మందికి సెప్సిస్ అని తేలింది. ఆ అంకె ఇప్పటికీ థీసిస్‌ల మొదటి పేజీల్లో కనిపిస్తుంది.

2016లో ఢిల్లీలోని మూడు ఆసుపత్రుల నుంచి వచ్చిన డెనిస్ అధ్యయనం 14.3 శాతం పిల్లలకు సెప్సిస్ అంది. 1000కి 30 ఎక్కడ, 143 ఎక్కడ! పదేళ్లలో ఐదు రెట్లు పెరిగిందా? లేదు. డెనిస్ లెక్కేసింది ఇంటెన్సివ్ కేర్‌లో చేరిన 13,530 మందిలో. ఆ ఆసుపత్రుల్లో అదే కాలంలో పుట్టినవాళ్లు 88,636 మంది. 13,530లో 14.3 శాతమంటే సుమారు 1,935 మంది. వాళ్లను 88,636తో భాగిస్తే 1000కి 22 దగ్గర పడుతుంది. కింద ఏ సంఖ్య పెట్టామన్నదే మొత్తం కథను మార్చేస్తుంది. డెనిస్‌లో నిజంగా భయపెట్టిన సంగతి వేరు: ఆసుపత్రుల్లో పట్టుకున్న క్రిముల్లో చాలా వాటికి మామూలు యాంటీబయాటిక్స్ పనిచేయడం మానేశాయి.

ఈ లెక్కల్లో లోపం కూడా కళ్ల ముందే ఉంది. ఫారం నింపగలిగేవి పెద్దాసుపత్రులే. పాడేరు కొండ మీదో ఆసిఫాబాద్ తండాలోనో పుట్టిన బిడ్డ ఆ పద్దెనిమిదిలో ఎక్కడా లేదు.

అక్కడ పనికొచ్చింది ఇక్కడా పనికొస్తుందా

సంఘాల్లో నిజమైన గొడవ ఇక్కడ నడుస్తుంది. పుట్టగానే ఊపిరి అందని బిడ్డ మెదడుకు దెబ్బ తగులుతుంది. ఒంటి వేడిని మూడు రోజులపాటు 33–34 డిగ్రీల సెల్సియస్‌కు దించి ఉంచితే ఆ దెబ్బ తగ్గుతుందని ధనిక దేశాల ట్రయల్స్ చెప్పాయి. అక్కడ అదే ఒప్పుకున్న వైద్యం. మన దేశంలోనూ చాలా ఆసుపత్రులు మొదలుపెట్టాయి. 2021లో భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో 408 మంది పిల్లలపై జరిగిన హెలిక్స్ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. చావు లేదా వైకల్యం చల్లబరిచిన గుంపులో 50 శాతం, మామూలు గుంపులో 47 శాతం. చావు ఒక్కటే చూస్తే చల్లబరిచిన గుంపులో 42 శాతం, మామూలు గుంపులో 31. మేలు లేకపోగా ప్రాణనష్టం ఎక్కువ.

ఒక వర్గం డాక్టర్లు, ఇది మన గడ్డ మీద తేలిన నిజం కాబట్టి ఆపేయాలన్నారు. మన దగ్గర చాలామంది పిల్లలకు దెబ్బ కాన్పు వేళ ఒక్కసారిగా తగలదు, అంతకుముందు నుంచే నెమ్మదిగా తగులుతుంది, అలాంటి మెదడును చల్లబరిస్తే ఒరిగేది లేదు అనేది వీళ్ల వివరణ. ఇంకో వర్గం, ఆ ట్రయల్ జరిగిన కిక్కిరిసిన సర్కారీ వార్డులకూ అన్ని వసతులూ ఉన్న యూనిట్లకూ తేడా ఉందనీ, బిడ్డను ఎంపిక చేసుకుని చేస్తే ఫలితం వేరుగా ఉండొచ్చనీ వాదించింది. ఇద్దరూ తెలివితక్కువ వాళ్లు కారు. హెలిక్స్ చెప్పింది "ఇలాంటి చోట, ఇలాంటి పిల్లలకు" అని. దాన్ని ఎంత దూరం సాగదీయొచ్చన్నదే తగువు.

కడుపులోని బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వం కావడానికి తల్లికి వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌ది ఇంకా విచిత్రమైన ప్రయాణం. న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ 1972లోనే 282 మంది తల్లుల మీద దాని మేలు చూపించారు. అన్ని ట్రయల్స్‌నూ కూడి చూసి, అందరూ ఒప్పుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. మన ప్రభుత్వం 2014లో ఏఎన్ఎంలు కూడా తొలి డోసు వేసి పెద్దాసుపత్రికి పంపొచ్చంది. దాదాపు అప్పుడే యాక్ట్ అనే ట్రయల్ ఫలితాలు బయటికొచ్చాయి. బెళగావి, నాగపూర్‌తో పాటు మరో ఐదు దేశాల పల్లెల్లో జరిగిన ఆ ట్రయల్‌లో ఇంజెక్షన్ విస్తరించిన చోట 1000కి 3.5 చావులు ఎక్కువయ్యాయి. నెలలు సరిగ్గా లెక్క తెలియక, నిండు గర్భిణులకూ వేయడం ఒక కారణం కావచ్చన్నారు. 2020లో యాక్షన్ అనే మరో ట్రయల్ ఐదు దేశాల ఆసుపత్రుల్లో 2852 మంది తల్లులతో జరిగింది. స్కానింగ్‌తో వారాలు ఖాయం చేసుకుని వేశారు. పిల్లల చావులు 23.5 శాతం నుంచి 19.6కి తగ్గాయి. మందు మారలేదు. వారాల లెక్క మారింది, బిడ్డ పుట్టాక చూసే చోటు మారింది.

ధార ఒకే దిక్కుకు పారలేదనీ గుర్తుచేయాలి. పుట్టగానే ఏడవని బిడ్డకు నూటికి నూరు శాతం ఆక్సిజన్ పెట్టాలన్నది ఒకప్పుడు తిరుగులేని సూత్రం. ఢిల్లీ మౌలానా ఆజాద్ వైద్య కళాశాలలో సిద్ధార్థ్ రాంజీ, నార్వే డాక్టరు ఓలా సాగ్‌స్టాడ్‌తో కలిసి 84 మంది పిల్లలపై చేసిన తొలి ప్రయత్నం 1993లో అచ్చయింది. మామూలు గాలి చాలని దాని సారాంశం. తర్వాత 609 మందితో చేసిన అంతర్జాతీయ ట్రయల్ అదే చెప్పింది. 2010లో ప్రపంచ మార్గదర్శకాలు నెలలు నిండిన బిడ్డకు మామూలు గాలితోనే మొదలెట్టమన్నాయి. ఢిల్లీ లేబర్ రూములో అడిగిన ప్రశ్న పదిహేడేళ్లకు ప్రపంచ మార్గదర్శకం అయింది.

సంఘం గడప బయట గడ్చిరోలి

మహారాష్ట్ర గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల "సెర్చ్" సంస్థ, ఊరి ఆడవాళ్లకే శిక్షణనిచ్చి ఇంటింటికీ పంపింది. బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, సెప్సిస్ గుర్తుపట్టడం, చివరికి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేయడం దాకా. 1999లో అచ్చయిన ఫలితం ప్రకారం 39 ఊళ్లలో పసికందుల మరణాలు 1000కి 62 నుంచి 25.5కి దిగాయి. పోల్చి చూసిన 47 ఊళ్లలో దాదాపు మారలేదు. బడికి పెద్దగా వెళ్లని మహిళ పసిగుడ్డుకు సూది వేయడమా అని పెద్ద డాక్టర్లు ఉలిక్కిపడ్డారు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. అంత పర్యవేక్షణ దేశమంతటా సాధ్యమా అనేది న్యాయమైన ప్రశ్న. 2011లో ఆశా కార్యకర్తల ఇంటి సందర్శనగా ఈ నమూనా జాతీయ కార్యక్రమమైంది, సూది భాగం పక్కన పెట్టి. నా మట్టుకు నాకు, వృత్తి సంఘాలకున్న పెద్ద పరిమితి ఇదే. అవి తమ సభ్యుల చేతుల్లో ఉన్న వైద్యాన్ని బాగా మెరుగుపరుస్తాయి. తమ చేతుల్లోంచి జారిపోయే వైద్యాన్ని ఊహించడం వాటికి కష్టం.

"మా బిడ్డ మీద ప్రయోగమా?"

సమ్మతి పత్రం చేతికివ్వగానే తండ్రి నోట వచ్చే మొదటి మాట ఇది. పసికందు తరఫున తల్లిదండ్రులే సంతకం చేయాలి. ఏడేళ్లు దాటిన పిల్లలైతే వాళ్ల ఇష్టాన్నీ అడగాలని ఐసీఎంఆర్ నియమం. ట్రయల్‌ను ముందే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 జూన్ నుంచి తప్పనిసరి.

కాగితం మీది నియమం ఎలా జారుతుందో మన ఖమ్మం చూసింది. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేసే నమూనా ప్రాజెక్టు జరిగింది. కొందరు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆగింది. చావులకూ టీకాకూ సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. తేలింది ఇంకొకటి: ఆశ్రమ పాఠశాలల్లో చాలా సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లో హెడ్‌మాస్టర్లో సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే కావచ్చు, అడిగిన తీరు తప్పు. ఈ రెండూ వేర్వేరు సంగతులని జనానికి చెప్పడం ఆ తర్వాత చాలా కష్టమైంది.

అమెరికాలోనూ ఇదే తగువు నడిచింది. పైన చెప్పిన సపోర్ట్ ట్రయల్‌లో అంధత్వం, మరణం ముప్పుల గురించి తల్లిదండ్రులకు సరిగా చెప్పలేదని 2013లో అక్కడి పర్యవేక్షణ కార్యాలయం తప్పుపట్టింది. రెండు స్థాయిలూ అప్పటికి మామూలుగా వాడుతున్న పరిధిలోవే, ఏది మంచిదో ఎవరికీ తెలియదు కాబట్టే చీటీ వేశాం అన్నది పరిశోధకుల జవాబు. తెలియదన్న సంగతినే తల్లికి తెలిసేలా చెప్పాలి కదా అన్నది ఎదుటివాళ్ల మాట. మనకైతే ఇంకో చిక్కు. సిజేరియన్ అయి మత్తులో తల్లి, ఏడో నంబరు గదిలో బిడ్డ, రక్తం సీసా కోసం పరుగెత్తుతున్న తండ్రి. ఆ ఐదు నిమిషాల్లో నాలుగు పేజీలు ఎవరు చదువుతారు? కొన్ని బృందాలు అందుకే ముప్పున్న గర్భిణులతో కాన్పుకు ముందే మాట్లాడి ఉంచుతున్నాయి.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది

చందాలు సంఘానికి ఆఫీసు ఖర్చులకు సరిపోతాయేమో. మహాసభల హాళ్లు, స్టాళ్లు, భోజనాలు కంపెనీల డబ్బుతోనే ఎక్కువగా నడుస్తాయి. పురిటి బిడ్డల విషయంలో మన చట్టం ఒక గీత గట్టిగా గీసింది. 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టాన్ని 2003లో సవరించారు. డబ్బా పాలు, సీసాలు, పసిపిల్లల ఆహారం తయారుచేసే కంపెనీలు డాక్టర్ల సంఘాలకు సదస్సులకు గానీ, ఫెలోషిప్‌లకు గానీ, పరిశోధనకు గానీ డబ్బివ్వకూడదు. తల్లిపాల గురించి చెప్పాల్సిన నోటికి డబ్బా పాల కంపెనీ భోజనం పెట్టకూడదన్నది ఉద్దేశం.

మందుల కంపెనీలకూ పరికరాల కంపెనీలకూ అంత గట్టి గీత లేదు. 2024లో మందుల కంపెనీల మార్కెటింగ్ నియమావళిని ప్రభుత్వం బిగించింది. డాక్టర్లకు బహుమతులు, విహార యాత్రలు కూడదంది. ఎవరి డబ్బూ వద్దంటే చిన్న ఊరి డాక్టరుకు శిక్షణ ఎవరిస్తారని సంఘాల వాళ్లు అడుగుతారు. అందులో కొంత నిజం ఉంది. డబ్బు తీసుకున్నవాళ్లు మార్గదర్శక కమిటీలో ఉంటే ఆ సంగతి పైనే రాయాలన్నది కనీస నియమం. ఏ మార్గదర్శకం చేతికొచ్చినా నేను ముందు తిప్పేది ఆ చివరి పేజీనే.

ఓఆర్‌ఎస్ ప్రశ్నకు జవాబు కూడా కొంత ఇక్కడే ఉంది. సంఘానికి నిషేధించే అధికారం లేదు, ప్రకటన చేయగలదు, ఉత్తరం రాయగలదు. ఎనిమిదేళ్లు వదలకుండా ఒకే తలుపు తట్టడమన్నది కమిటీలకు అలవాటైన పని కాదు.

హైదరాబాద్ మార్చిన బరువు

అమెరికాలో రెటీనా జబ్బు కోసం అందరికీ తప్పనిసరిగా కంటి పరీక్ష చేసేది 30 వారాలకో అంతకు ముందో పుట్టిన పిల్లలకు, లేదా పుట్టిన బరువు 1500 గ్రాములు మించని వాళ్లకు. అదే గీత ఇక్కడ గీస్తే 33 వారాలకు 1800 గ్రాములతో పుట్టిన బిడ్డ బయట ఉండిపోతుంది. మన దగ్గర అలాంటి పిల్లలకూ ఈ జబ్బు వస్తోందని 1990ల చివర్లో హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో సుభద్ర జలాలీ బృందం జంట నగరాల నర్సరీలు తిరిగి పిల్లల కళ్లు చూడటం మొదలెట్టినప్పుడు తెలిసివచ్చింది. కారణం ఊహించలేనిది కాదు. చాలా చోట్ల గాలితో కలిపే బ్లెండర్ లేక, సిలిండర్ నుంచి తిన్నగా ఆక్సిజన్ పెట్టేవారు. పాదానికి ఆ ఎర్ర లైటు పట్టీ కూడా ఉండేది కాదు. దేశంలో మరికొన్ని చోట్లా ఇదే కనిపించింది. ఎన్‌ఎన్‌ఎఫ్ మార్గదర్శకం 34 వారాల లోపు లేదా 2000 గ్రాముల లోపు పుట్టిన ప్రతి బిడ్డకూ పరీక్ష అంది. ప్రభుత్వ కార్యక్రమానిదీ అదే గీత. జలాలీ బృందం దాన్ని డాక్టర్లకు గుర్తుండేలా "తీస్ దిన్ రోష్నీ కే" అని పేరు పెట్టి తిప్పింది, వెలుగుకు ముప్పై రోజులని.

నెలలు నిండని బిడ్డను బాక్సులోంచి తీసి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితంలో మందుల కింద ఒక తేదీ ఉండాలి, కంటి డాక్టరుకు చూపించాల్సినది. బిడ్డ మరీ చిన్నదైతే, 28 వారాల లోపో 1200 గ్రాముల లోపో అయితే, రెండు మూడు వారాలకే. మిగిలిన వాళ్లకు నాలుగు వారాల లోపు. నెల రోజులు దాటేదాకా బిడ్డను గడప దాటించొద్దని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. ఆ తేదీ మాత్రం నెల లోపే పడుతుంది.